గుడి జారిన పండు

తోకియే గారింటి పెరట్లో పండేది
చూపుకి టమాటా, మాగితే సపోటా,
తొందరపడి కొరికితే నాలుకంతా వగరు.
జపాను భాషలో దాన్ని కాకి అంటారు.
(మన కాకి కాదు.
ఆ కాకి ఆఖర్న వస్తుంది, కంగారు పడకండి.)

గోజో ఊళ్ళో, మంగలి షాపు మేడ మీద
బుధవారం బుధవారం ఐదుగురు కూడి
ఏ దేశానిదీ కాని ఒక భాష నేర్చుకునేవారు.
ఎస్పెరాంతో.
కిటికీ పక్క కుర్చీ రిటైరైన పోస్టుమాన్ మొరిసుకేది,
హీటరు పక్కది తోకియేది.
నామవాచకం చివర 'ఓ' రావాలి,
ఆవిడకి ఎన్నడూ తప్పని సూత్రం అదొక్కటే.
అలా కాకి కాస్తా కాకో అయింది,
ధీమాగా, నిఘంటువు తెరవకుండా.

నిఘంటువులో ఆ పండు కాకియో.
నడుమ ఒక చిన్న గుడి ఉంది చూశారూ,
అది జారిపోతే మిగిలేది
చంటిపిల్లల గుడ్డల్లో దొరికే సరుకు.
(మన ఉయ్యాలల దగ్గరా ఇంచుమించు అదే మాట.
ప్రపంచానికంతా ఒకే భాష కావాలని
ఎవరెవరో కష్టపడ్డారు గానీ
కొన్ని సంగతుల్లో అది పుట్టుకతోనే ఉంది.)

పందొమ్మిదేళ్ళు, ప్రతి నవంబరూ,
హంగరీలో పేచ్ అనే ఊరికి
ఎతెల్క పేర ఉత్తరం వెళ్ళేది:
"ఈ ఏడు మా ఇంట కాకో విరగకాసింది.
తాడుకి గుచ్చి వరసగా చూరుకి వేలాడగట్టాను.
నెల తిరిగేసరికి పైన తెల్లగా పంచదార పూస్తుంది.
చలిలో టీతో నంజుకుంటే, చెల్లీ, ఆ రుచే వేరు.
మా అత్తగారైతే మెత్తనిదే కావాలని పేచీ పెట్టేవారు.
నీకో పొట్లం పంపనా?"

జవాబు ఎప్పుడూ ఒకటే:
"వద్దు, కస్టమ్స్ వాళ్ళు ఒప్పుకోరు.
కానీ వచ్చే ఏడూ తప్పకుండా రాయి."

ఇరవయ్యో ఏడు, డిసెంబరులో, ఎతెల్కే దిగింది,
మోకాలికి పట్టీ, చేతిలో అట్టపెట్టె.
తోకియే పళ్ళెం ముందుకు జరిపి
ఒక్కో అక్షరం ఒత్తి పలికింది:
"కాకో తిను. మొహమాటపడకు.
నా చేత్తో చేసిందే."

మొరిసుకేకి పొలమారింది.
టీ ముక్కులోంచి వచ్చింది.
కట్టుడు పళ్ళు ఎండు పళ్ళలో పడబోయి ఆగాయి.
తేరుకుని ఆవిడ చెవిలో చెప్పాడు.

తోకియే మొహం ఆ పండు రంగుకి తిరిగింది.
లోపల్లోపల పందొమ్మిది నవంబర్లు లెక్కపెట్టుకుంది,
అత్తగారి దగ్గర ఆగిపోయింది.
"నీకు తెలుసా?"
"మొదటి ఉత్తరం నుంచీ."
"మరి చెప్పొచ్చుగా!"

ఎతెల్క పెట్టె మూత తీసింది. అన్నీ ఉన్నాయి, తారీకుల వరసన.
"మా ఆయన యెనో, ఆస్పత్రిలో ఆ చివరి రెండేళ్ళూ
మందుల కంటే ముందు అడిగేవాడు,
కాకో ఉత్తరం వచ్చిందా అని.
నర్సులు కూడా మంచం చుట్టూ చేరేవారు.
చూరుకి వేలాడగట్టే దగ్గర అతను నవ్వితే
సెలైన్ సీసా ఊగేది.
నేను దిద్దితే
నువ్వు మళ్ళీ అలా రాస్తావా?"

తోకియే ఏమీ అనలేదు.
తాడుకి వేలాడి వేలాడి
పండులోని వగరు ఎటు పోతుందో
ఇన్నేళ్ళు ఎండబెట్టిన ఆవిడకీ తెలీదు.
తనూ ఒకటి తీసుకుని తుంచింది.

చెట్టు చిటారున ఒక్క పండు వదిలేసి ఉంది.
పక్షుల వాటా, అక్కడి ఆనవాయితీ.
ఇందాక మీకు మాటిచ్చిన కాకి
అప్పుడు వాలింది.
కాకి కాకిని తింది.
తిని, గోడెక్కి, రెక్కలు సర్దుకుని,
ఎస్పెరాంతోలో కాకి అనేది క్రియాపదం కదా,
ఆ క్రియ కూడా కానిచ్చి ఎగిరిపోయింది.

గింజ మట్టిలో పడింది.
కాపుకి రావాలంటే ఎనిమిదేళ్ళట.
మొరిసుకే వేళ్ళు మడిచి చూసుకుని
"అప్పటికి నాకు తొంభై" అన్నాడు.
"అయితే ఏం, ఉత్తరం నువ్వే పోస్టు చెయ్యి" అంది తోకియే.
వచ్చే నవంబరుకి ఏం రాయాలో అప్పుడే అనుకుంది,
గుడి లేకుండానే.